పిప్పి గొర్రెలకు, రసం చెల్లెలికి

వార్దో
సెప్టెంబరు 4

ఒడ్నీ అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఫోన్లో మనిద్దరం మూడో మాటకే పోట్లాటకు దిగుతాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

నిన్న మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, కొత్తది పెట్టాల్సిందే అన్నాడు. సరే పెట్టండి అన్నాను. "మీరు ఇలా ఉంటే పెట్టలేం" అన్నాడు. ఆ 'ఇలా' అంటున్నప్పుడు నా మొహం వైపు చూడలేదు, నేను కూర్చున్న కుర్చీ వైపు చూశాడు. బరువు తగ్గాలట. రక్తంలో చక్కెర కూడా హద్దు దాటిందట, అది దిగకపోతే కోసిన చోట పుండు మానదట. ఏప్రిల్‌లో మళ్లీ చూస్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే నా పేరు ఆపరేషన్ వరసలోంచి తీసేస్తాడు.

వృద్ధాశ్రమం వంటింట్లో పనంటే నిలబడి చేసే పని. ఇప్పటికే నేను బంగాళాదుంపలు కూర్చుని ఒలుస్తున్నాను, అందరూ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. మోకాలు బాగుపడకపోతే పింఛను చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. యాభై రెండేళ్లకే ఆ రేడియో ముందు కూలబడడం నా వల్ల కాదక్కా.

ఇక్కడ ఆరోగ్య కేంద్రంలో రాగ్న అని ఒక నర్సు ఉంది. "ఏదీ మానేయమని చెప్పను హెర్బోర్గ్, అది చెప్పేవాళ్లు నీకు చాలామందే ఉండి ఉంటారు. కాఫీతో తినే కేకు ముక్క బదులు ఒక పండు తిను. రోజూ తిను. అంతే" అంది. క్యాబేజీ చారు, ఉత్త కోడిగుడ్లు, నీళ్లలో కలుపుకునే పొడి, అన్నీ చేసి అలిసిపోయినదాన్ని. ఇది అన్నిటికన్నా చిన్న పని కాబట్టి ఒప్పుకున్నాను. ఇక్కడి కొట్లో ఆపిల్స్ దూది నమిలినట్టుంటాయి. మన తోటవి ఒక పెట్టె పంపగలవా?

హెర్బోర్గ్


ఉల్విక్
సెప్టెంబరు 19

చెల్లీ,

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఆపిల్ తోటలో పుట్టి పెరిగినదానివి, పండు తినమని ఎవరో నర్సు చెబితే గానీ నీకు తోచలేదా? నేను చెబితే చాదస్తం, తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే వేదం.

ఓడలో రెండు పెట్టెలు వేయించాను. పైన ఉన్నవి గ్రావెన్‌స్టైన్ రకం కాయలు, అవి ముందు తినెయ్, నిలవుండవు. ఇక్కడ కోతలు ఊపిరి సలపనివ్వడం లేదు. కందిరీగలు, వాన, కోసేవాళ్లలో ఇద్దరికి నడుంనొప్పి. మీ బావ లైడుల్ఫ్ నిచ్చెన మీదే కాపురం పెట్టాడు. మనిషి భోజనానికి కూడా దిగడం లేదు, కింద నుంచి నేనే రొట్టె అందిస్తున్నాను.

తొక్క తీయకు. ముక్కలు కోసి పంచదార, దాల్చినచెక్క చల్లి ఓవెన్లో పెట్టకు, నీ సంగతి నాకు తెలుసు. పండు తింటున్నానన్న ధైర్యంతో రాత్రి రొట్టె మీద వెన్న మందంగా రాయకు. నోరు కట్టుకోవడం ఒక్కటే మందు, మిగతావన్నీ కబుర్లు. కోపం తెచ్చుకోకు. నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఒడ్నీ


వార్దో
నవంబరు 12

అక్కా,

ఎవరు చెబుతారని అడిగావు. అందరూ చెబుతారు. బస్సులో పక్క సీటువాళ్లు కూడా చెబుతారు. నీ వంతు వచ్చేసరికి నాకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

పళ్లు బాగున్నాయి. పొద్దున పనికి వెళ్లే ముందు ఒకటి, కాఫీ వేళ ఒకటి. మొదట్లో కడుపు ఉబ్బరించి ప్రాణం తీసింది, తర్వాత సర్దుకుంది. కాఫీ వేళే కష్టం. శనివారం కాల్చే తీపి వాఫిల్స్ వాసన వంటిల్లంతా నిండిపోతుంది. నేను ఆపిల్ కొరుకుతుంటే, నాతో పనిచేసే గున్వోర్ "నీకు ఆ ఒక్క కాయ ఏ మూలకే?" అంటుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, లేకపోతే అదొక గొడవ. కానీ నిజం చెప్పనా, తొక్కతో సహా ఒక కాయ నమిలి తినేసరికి దవడలు నొప్పి పుట్టి, కేకు మీద ధ్యాస కొంత తగ్గుతోంది.

రాగ్న మొన్న రక్తం తీసి చూసింది. చక్కెర దిగింది. రక్తపోటు కూడా కొంచెం దిగింది. చాలా రోజులకు ఒక డాక్టరు కాగితం మీద నా గురించి మంచిమాట చదివాను. బరువు మాత్రం పెద్దగా కదల్లేదు. "కదలకపోతే పోనీ, లోపల బాగుపడుతోంది, తూకం యంత్రానికి అది కనిపించదు" అంది రాగ్న. మోకాలి డాక్టరుకు కనిపించేది ఆ తూకం ఒక్కటే కదా అన్నాను.

ఈ ఉత్తరపు కొసన సూర్యుడు ఇంకో వారమో పది రోజులో ఉంటాడు, ఆ తర్వాత రెండు నెలలు చీకటే. మోకాలికి చలి పడదు. అయినా పనికి వెళ్తున్నాను.

హెర్బోర్గ్


ఉల్విక్
డిసెంబరు 10

చెల్లీ,

ఆఖరి పెట్టె పంపుతున్నాను. ఇవి అరోమా కాయలు, చల్లగా ఉంచితే జనవరి దాకా వస్తాయి. వీటితో నిలవ కొట్టు ఖాళీ.

నీ ఉత్తరం లైడుల్ఫ్‌కు చదివి వినిపించాను. చక్కెర దిగినందుకు సంతోషించాడు. నేనూ సంతోషించాను. కానీ ఒక్కటి అడుగుతాను, మనసులో పెట్టుకోకు. రెండు నెలలు కేకు ముట్టని మనిషి బరువు కదలకుండా ఎలా ఉంటుంది? ఆ తిండి ఎక్కడికి పోతోంది? ఆపిల్ తింటున్నావు సరే, ఆపిల్‌తో పాటు ఇంకేం తింటున్నావు? నాతో దాచి ఏం లాభం, మోసపోయేది నీ మోకాలే.

పండక్కి ఏడు రకాల బిస్కెట్లు చేశాను. చేయకపోతే అమ్మ ఊరుకోదన్నట్టు ఏటా చేస్తూనే ఉంటాను. ఈసారి నీకు పంపడం లేదు. నీ మంచికే.

ఒడ్నీ


వార్దో
జనవరి 8

అక్కా,

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఈ పండక్కి తెలిసింది. ఆశ్రమంలో క్రిస్మస్ పాయసంలో దాచిపెట్టిన బాదంపప్పు నాకే వచ్చింది. దాంతో పాటు వెనక దవడ పన్ను కూడా చేతిలోకి వచ్చింది, దాని పక్కది విరిగింది. బాదం దొరికినవాళ్లకు బహుమతిగా ఇచ్చే మర్జిపాన్ పందిబొమ్మ మిఠాయిని ఆశ్రమంలో తొంభై మూడేళ్ల ముసలాయనకు ఇచ్చేశాను. ఆయనకు పళ్లే లేవు, హాయిగా చప్పరించాడు.

పళ్ల డాక్టరు ఇక్కడికి నెలకొకసారి వస్తాడు. పుండు మానాలి, అచ్చు తీయాలి, కొత్త పన్ను కట్టాలి, మే దాకా పడుతుందట. అందాకా గట్టి వస్తువు నమలకూడదు. ఆపిల్ కొరికితే తల లోపల మేకు దిగినట్టుంది. నువ్వు పంపినవి సగం మిగిలిపోయి మెత్తబడుతున్నాయి. సగంలో వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఇన్నాళ్లకు ఒకటి పనిచేసింది. ఏం చేయమంటావు?

నీ డిసెంబరు ఉత్తరానికి జవాబు రాయను. ఓపిక లేదు.

హెర్బోర్గ్


ఉల్విక్
జనవరి 21

చెల్లీ,

పన్ను ఊడినందుకు బాధపడాలో, నీ ఉత్తరానికి నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను.

దీనికింత దిగులెందుకు? మన రసం ఉండనే ఉంది. అయిదు డబ్బాలు ఓడలో వేయించాను, కుళాయి తిప్పి పట్టుకోవడమే. చుక్క నీళ్లు కలపలేదు, గింజ పంచదార వేయలేదు, డబ్బా మీద కూడా అదే రాశాం. ఒక్క గ్లాసులో రెండు మూడు కాయల సత్తువ ఉంటుంది, నమిలే బాధ లేదు. మనకు జ్వరమొచ్చినా కడుపునొప్పొచ్చినా అమ్మ ఏం పోసేది? ఇదే కదా. నీళ్ల బదులు ఇదే తాగు. పొద్దున తాగు, పనిలో తాగు, ఆకలేసినప్పుడల్లా తాగు. అయిపోతే చెప్పు, ఇంకా పంపుతాను. ఈ ఏడు రసం బాగా కుదిరింది, బెర్గెన్‌లో హోటళ్లవాళ్లు కూడా అడుగుతున్నారు.

మేం మోకాళ్ల లోతు మంచులో కొమ్మలు కత్తిరిస్తున్నాం. వేళ్లు తిమ్మిరెక్కి కత్తెర పట్టు చిక్కడం లేదు. పెన్నూ చిక్కడం లేదు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

ఒడ్నీ


వార్దో
ఏప్రిల్ 15

అక్కా,

డాక్టరును చూసి వచ్చాను. చక్కెర సెప్టెంబరు నాటికన్నా ఎక్కువుంది. బరువు కూడా పెరిగింది. నా పేరు వరసలోంచి తీసేశాడు. మళ్లీ చూడమని బతిమాలితే ఆగస్టులో ఒక్కసారి రమ్మన్నాడు, అదే ఆఖరుసారట.

"రోజూ పండు తప్పలేదు కదా?" అని రాగ్న అడిగింది. లేదన్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. ఆ చూపు చూడని మనిషి ఈవిడొక్కతే అనుకున్నాను.

హెర్బోర్గ్


ఉల్విక్
ఏప్రిల్ 27

హెర్బోర్గ్,

కోపం ఆపుకోవడానికి వారం ఆగాను, అయినా ఆగలేదు. ఈ చేతులతో పెట్టెలు మోసి ఓడకెక్కించాను. నీ కోసం ప్రార్థన చేశాను, నేను ప్రార్థన చేయక ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. నువ్వేమో మూడు నెలల్లో అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు. ఈస్టర్ చాక్లెట్లా? గున్వోర్ వాఫిల్సా? పండు తిని ఎవరికీ చక్కెర పెరగదు. నువ్వు తిన్నది పండు కాదు.

లైడుల్ఫ్ ఈ ఉత్తరం పంపొద్దంటున్నాడు. పంపుతున్నాను. నీకు నిజం చెప్పేవాళ్లు ఎవరో ఒకరుండాలి.

ఒడ్నీ


వార్దో
మే 20

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను. కోపంతో కాదు, అలసటతో. తిన్నాను అంటే అందరూ నమ్ముతారు, తినలేదు అంటే ఒక్కరూ నమ్మరు. నలభై ఏళ్లుగా ఇదే తంతు. లావుగా ఉన్న మనిషి నోరు తెరిస్తే అయితే తిండి, లేకపోతే అబద్ధం అనుకుంటారు.

నేను కేకు ముట్టలేదు. చాక్లెట్ ముట్టలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున లేవగానే ఒక గ్లాసు నీ రసం. పనికి ఒక సీసా తీసుకెళ్తాను, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంటికి రాగానే ఒకటి, వార్తలు వింటూ ఒకటి. ఎంత తాగినా కడుపు నిండినట్టుండదు, గంటకే మళ్లీ ఆకలి. అప్పుడు ఇంకో గ్లాసు. అది పండే కదా, మన పండు, అమ్మ పోసిన పండు. అందుకే రాగ్న అడిగినప్పుడు తప్పలేదన్నాను. నాకు తెలిసి అది అబద్ధం కాదు.

ఇదిగో, నేను చెప్పుకోవలసింది ఇంతే. నమ్మితే నమ్ము. ఇంకో డబ్బా పంపకు. ఆగస్టు దాకా దేని మీదా ఆశ పెట్టుకునే ఓపిక నాకు లేదు.

హెర్బోర్గ్


ఉల్విక్
జూన్ 2

హెర్బోర్గ్ తల్లీ,

నీ ఉత్తరం పైకి చదువుతున్నాను. గ్లాసుల దగ్గరికి వచ్చేసరికి లైడుల్ఫ్ చేతిలో చెంచా కింద పెట్టేశాడు. "అవన్నీ కలిపితే రోజుకు పదిహేను కాయలు. ఒడ్నీ, నువ్వు కూర్చుని పదిహేను కాయలు కొరికి తిను చూద్దాం. మూడోదానికే చేతులెత్తేస్తావు" అన్నాడు. నేను లేచి రసం తీసే కొట్టులోకి వెళ్లాను.

ముప్ఫై ఏళ్లుగా నేనే దగ్గరుండి రసం తీయిస్తున్నాను. మర దిగగానే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు. ఆ పిప్పి, తొక్క, పీచు, నమలడానికి మనిషిని కష్టపెట్టి కడుపు నింపేదంతా బండిలో ఎత్తి పక్కింటివాళ్ల గొర్రెలకు వేస్తాను. మిగిలిన తీపినీళ్లు డబ్బాల్లో పోసి నీకు పంపాను. పిప్పి గొర్రెలకు, రసం చెల్లెలికి. ఆ గొర్రెలు నిక్షేపంలా ఉన్నాయి.

మర్నాడు మన ఊరి నర్సు దగ్గరికి వెళ్లి అడిగాను. పండు పండే, రసం రసమే అంది. పంచదార కలపకపోయినా చక్కెర ఉన్న మనిషికి అన్నన్ని గ్లాసుల రసం చెరుపేనట. పండు నమిలితే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, కడుపు నిండుతుంది. తాగితే ఒక్కసారిగా ఎక్కేస్తుంది, ఆకలి తీరదు. ఇంత చిన్న సంగతి రోజంతా పళ్లతో బతికే నాకు తెలియలేదు. తోటవాళ్లం కాబట్టే తెలియలేదేమో. రసం పండు కాదని ఈ లోయలో ఎవరినైనా అనమను, కొట్టడానికొస్తారు.

అది పొరపాటు. రెండోది పొరపాటు కాదు. నిన్ను అబద్ధాలకోరువని రాశాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావు, చెప్పిందాన్ని నేనే, అయినా దొంగవి నువ్వే అయ్యావు. ఇంకెవరైనా అయితే ముందు రసం మీద అనుమానపడేదాన్ని. నువ్వు గనక నీ మీద పడ్డాను. దీనికి క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు. సిగ్గుగా ఉంది.

ఒడ్నీ


వార్దో
జూన్ 16

అక్కా,

నీ ఉత్తరం రాగ్నకు చూపించాను. "తప్పు నాది కూడా. తింటున్నావా అని అడిగానే గానీ ఎలా తింటున్నావని అడగలేదు" అంది. ఆవిడకు ఏప్రిల్‌లో నా మీద కలిగిన అనుమానం గురించి నేనేమీ ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది. అది చాలు.

పన్ను కట్టేశారు. మళ్లీ నములుతున్నాను. కొట్లోని దూది ఆపిల్సే అయినా నములుతున్నాను, పియర్స్, నారింజ, పోయినేడు ఏరి గడ్డకట్టించిన బ్లూబెర్రీలు కూడా. రసం డబ్బా ఒకటి మిగిలితే గున్వోర్‌కు ఇచ్చాను. "మందా?" అని అడిగింది. "కాదు, నీకు కేకులాంటిదే" అన్నాను.

నువ్వు రాసిన ఒక వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు గనక నీ మీద పడ్డాను అన్నావే, అది. ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట ఒప్పుకోలేదు. నేనే అతిగా ఆలోచిస్తున్నాను అనేవారు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే నిజంగానే అబద్ధాలకోరునవుతాను.

హెర్బోర్గ్


వార్దో
ఆగస్టు 22

అక్కా,

వెళ్లొచ్చాను. పాత డాక్టరు సెలవులో ఉన్నాడు, ఇంకో ఆవిడ చూసింది. బరువు పోయిన సెప్టెంబరు కన్నా ఒక పిసరు తక్కువ, అంతే. తూకం దిగగానే నా బట్టలు నేను సర్దుకోవడం మొదలుపెట్టాను, ఆవిడ ఏమనబోతోందో నాకు తెలుసనుకుని.

ఆవిడ రక్తం కాగితాలు తీసింది. చక్కెర నవంబరు నాటికన్నా కిందికి దిగింది, రక్తపోటు మామూలుగా ఉంది. "ఏం చేశారు?" అని అడిగింది. రోజూ పళ్లు తింటున్నానన్నాను. భయపడి వెంటనే "నమిలి" అని కూడా చెప్పాను. ఆవిడ నవ్వింది. రోజూ పండు తిన్నంత మాత్రాన మనిషి సన్నబడదు, కానీ కేకు స్థానంలో తింటే లోపల ఇలాగే బాగుపడుతుంది అంది. "నేను కోసేది మోకాలు, పుండు మానుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం. మానుతుంది. చేద్దాం" అంది.

నేను అక్కడే ఏడ్చాను. ఆవిడ కుర్చీ వైపు చూడలేదక్కా, నా మొహం వైపే చూసింది.

సెప్టెంబరు చివరి వారం రమ్మన్నారు. అప్పుడు నీకు కోతలని తెలుసు. రమ్మని రాయడం లేదు, చెబుతున్నానంతే. గున్వోర్ ఇంటికి తీసుకొస్తానంది.

హెర్బోర్గ్


ఉల్విక్
ఆగస్టు 31

చెల్లీ,

టికెట్ తీసుకున్నాను. పెళ్లయ్యాక కోతల్లో ఒక్క రోజు కూడా నేను గడప దాటలేదు, పిల్లాడు పుట్టినప్పుడు తప్ప. లైడుల్ఫ్‌కు చెప్పగానే నిచ్చెన దిగి వచ్చాడు. "రాలినవి రాలతాయి, మిగిలినవి నేను కోస్తాను, నువ్వు వెళ్లు" అన్నాడు. నువ్వు లేచి నడిచేదాకా ఉంటాను. గున్వోర్‌కు చెప్పు, నిన్ను ఇంటికి తెచ్చేది నేనని.

నీకేం తేను? రసం తేనులే.

ఒడ్నీ


వార్దో
సెప్టెంబరు 9

అక్కా,

రా. వద్దని రాద్దామని కూర్చున్నాను, కానీ రావాలనే ఉంది.

వచ్చేముందు ఒక సంగతి చెప్పాలి. నీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ నేను బల్ల దగ్గర నాలుగు ముద్దలు తిని, ఆకలి లేదని లేచిపోయేదాన్ని. నువ్వు లైడుల్ఫ్‌తో "చూశావా, ఏమీ తినదు, అయినా చూడు ఎలా ఉందో" అనేదానివి. ఆకలి లేకపోవడం ఎప్పుడూ లేదు. మీరంతా పడుకున్నాక మీ సామాన్ల గదిలో నిలబడి, చప్పుడు కాకుండా తినేదాన్ని. నేను దాచింది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

ఆసుపత్రిలో వాళ్లు నాకు పళ్లెం పెడతారు. నువ్వు కూడా ఒకటి తెచ్చుకుని పక్కన కూర్చో. నా పళ్లెంలోకి చూడకు, కావాలని కిటికీ వైపూ చూడకు. మామూలుగా మాట్లాడుతూ తిను. పెద్దదాన్నయ్యాక నీ పక్కన కూర్చుని ఆకలి తీరేదాకా తిన్న రోజు నాకు ఒక్కటి కూడా గుర్తు రావడం లేదు. ఈసారి తినాలని ఉంది.

హెర్బోర్గ్